పాదానికి పెట్టిన కాపడం

ఈ మధ్య సంతలో నా మిషను దగ్గరికి వచ్చేవాళ్లు గుడ్డ చూపించే ముందు వంగి నా ఎడమ కాలు చూస్తున్నారు. చూసి, "ఉన్నదా?" అంటున్నారు. ఉంది. రెండు వేళ్లు తక్కువగా ఉంది కానీ, ఉంది. అడిగిన ప్రతివాళ్లకూ మొదటి నుంచి చెప్పేసరికి పొద్దు వాలిపోతోంది, కుట్టాల్సిన జాకెట్లు కుట్టకుండా మిగిలిపోతున్నాయి. అందుకని ఒకేసారి రాసి పెడుతున్నాను. చదువు వచ్చినవాళ్లు చదువుకోండి, రానివాళ్లకు చదివి వినిపించండి. నన్ను మాత్రం నా పని చేసుకోనివ్వండి.

నా పేరు ముత్తయ్య. భద్రాచలానికి అవతల, రాష్ట్రం సరిహద్దు దాటాక ఉసూర్ దగ్గర మా ఊరు. దర్జీ పని. చిన్నప్పుడు భద్రాచలం వైపు హాస్టల్లో చదువుకోవడం వల్ల తెలుగు రాయడం అబ్బింది. ఊళ్లో హిందీ, గోండీ, దోర్లీ అన్నీ నడుస్తాయి కాబట్టి ఏ భాషవాళ్ల కొలతలు ఆ భాషలోనే తీసుకుంటాను. ఉసూర్, ఆవపల్లి, బాసగూడ, ఒక్కో రోజు ఒక్కో సంత. మిషను తల సైకిలు మీద కట్టుకుని వెళ్తాను. కింది స్టాండు ఏ సంతకాడిది ఆ సంతకాడే తెలిసినవాళ్లింట్లో ఉంచుతాను. అంటే నా బతుకంతా కాళ్ల మీదే. దారిలో నడవాలన్నా కాళ్లే, సంతలో మిషను తొక్కాలన్నా కాళ్లే.

కోతలప్పుడు

వడ్లు కోసే రోజుల్లో మొదలైంది. ఇసుక దారిలో సైకిలు తోసుకుంటూ పోతుంటే ఎడమ పిక్కను ఎవరో గుప్పిట్లో పట్టి పిండినట్టు అయింది. ఆగాను. కాసేపటికి వదిలేసింది. సరే అని కదిలాను. మళ్లీ అంతే దూరం పోయాక మళ్లీ పట్టింది.

మా వైపు దూరాన్ని చుట్టలతో చెబుతారు. గడపలో వెలిగించిన చుట్ట ఎక్కడ ఆరిపోతే అక్కడికి ఒక చుట్ట దూరం. ఆ ఊరు రెండు చుట్టల దూరం, ఈ వాగు చుట్టన్నర, అని. నేను మూడు చుట్టల దూరం ఒక్క ఊపున నడిచేవాణ్ణి, చుట్టలూ ఒక్క ఊపునే కాల్చేవాణ్ణి. అలాంటిది అర చుట్ట దగ్గరే కాలు మొరాయించడం మొదలుపెట్టింది. మనిషి నడుస్తూ నడుస్తూ ఊరికే ఆగిపోతే చూసేవాళ్లు ఏమనుకుంటారు? అందుకని ఆగిన చోటల్లా ఎవరినో ఒకరిని పలకరించేవాణ్ణి. మీ ఆవు ఈనిందా, మీ కంచె బాగుందే, మీ పిల్ల ఏం చదువుతోంది. ఆ ఏడాది నా అంత మర్యాదస్థుడు చుట్టుపక్కల లేడని పేరొచ్చింది.

ఆ మర్యాద మా ఆవిడ దగ్గర సాగలేదు. ఆమె పేరు భద్రమ్మ, పుట్టిల్లు కిష్టారం.

"ఏందయ్యా, గడియకోసారి ఆగుతున్నవ్?"

"గాలి పీల్చుకుంటున్న."

"ఇంటికాడ గాలి లేదా?"

పిక్క పట్టేసిందని చెబితే దవాఖానకు పదమంటుందని చెప్పలేదు. ముల్లు గుచ్చుకుంది, వాతం చేసింది, కొత్త చెప్పు కరిచింది, ఇలా రోజుకో కారణం చెప్పాను. దర్జీ కదా, అతుకులు వేయడం నాకెవరూ నేర్పక్కర్లేదు.

చలి ముదిరాక

చలి దిగాక నొప్పి పిక్క నుంచి పాదంలోకి వచ్చింది. ఇప్పుడు నడవక్కర్లేదు, ఊరికే పడుకున్నా నొప్పే. మంచం మీది నుంచి కాలు కిందికి వేలాడేస్తే కొంచెం నయం. పాదం రంగు మారింది. ముట్టుకుంటే వాగులో రాయి ముట్టుకున్నట్టు చల్లగా ఉండేది. కుడి పాదం మామూలుగానే ఉంది, ఎడమది మాత్రం వేరే ఎవరిదో తెచ్చి నాకు తగిలించినట్టుండేది.

చల్లబడిన దానికి మందు ఏమిటి? వెచ్చన. మా ఊళ్లో పసిపిల్లకైనా తెలుసు. ఇక భద్రమ్మ కాపడం అంటే చుట్టుపక్కల ఊళ్లలో కూడా పేరుంది. బాలింతలకు, నడుం పట్టినవాళ్లకు, చెట్టు మీది నుంచి పడ్డవాళ్లకు ఆమెనే పిలిచేవాళ్లు. మూకుట్లో ఇసుక వేయించి, పాత చీర గుడ్డలో మూట కట్టి, ఎక్కడ ఎంతసేపు అద్దాలో అంతసేపే అద్దుతుంది. ఆ సాయంత్రం నా పాదానికీ పెట్టింది.

"ఎట్లున్నది?"

"ఏమీ తెలుస్తలేదు. సల్లగనే ఉన్నది."

ఇసుక మళ్లీ వేడి చేసి తెచ్చింది. నాకు అదే చల్లదనం. ఇంకా వేడి చెయ్యమన్నాను. మూడోసారి ఆమె కాస్త వెనకాడితే కసిరాను కూడా. ఆ తర్వాత పాదంలో ఏదో హాయి వచ్చినట్టే అనిపించి నిద్రపోయాను.

తెల్లారి లేచి చూసుకుంటే పాదం మీద అరచేతి వెడల్పున బొబ్బలు లేచి ఉన్నాయి. రెండు చితికి నీరు కారుతోంది. చిటికెన వేలూ దాని పక్క వేలూ వాపెక్కి నల్లబడుతున్నాయి. ఇంత కాలినా నాకు చురుక్కుమని ఒక్కసారైనా అనిపించలేదు. బొబ్బలకంటే దానికే ఎక్కువ భయపడ్డాను.

కబురు తెలిసి మా అక్క రాజమ్మ వచ్చింది. ఆమెది పక్క ఊరే. వాకిట్లో అడుగు పెడుతూనే అందుకుంది. "ఊరందరికీ కాపడం పెట్టే చెయ్యి, కట్టుకున్నోని కాలు కాల్చి పెట్టిందా? నా తమ్ముని కాలు తీసినంక నువ్వు కుట్టి సాకుతవా?" నేను వద్దక్కా అన్నాను. కానీ గట్టిగా అనలేదు. నొప్పిలో ఉన్న మనిషికి ఎవరినైనా తిడుతుంటే వినడం కూడా కొంత ఊరటగా ఉంటుందని అప్పుడే తెలిసింది. భద్రమ్మ మూకుడు తీసుకుపోయి పెరట్లో బోర్లించింది. ఆ రోజు నుంచి ఆమె చెయ్యి నా మోకాలు దాటి కిందికి రాలేదు.

పెద్దాసుపత్రిలో

జగదల్‌పూర్ వైపు ఒక పెద్దాసుపత్రికి వెళ్లాం. పేరు రాయను. రాయొద్దని అక్కడి సిస్టరే చెప్పింది. పేరు రాసిన పర్చీ చీటీ తీసుకుని హాల్లో కూర్చున్నాం. ఆ హాలు గురించి మాత్రం రాయాలి. నాలాంటి పాదాలు అన్ని ఒకచోట ఉంటాయని నేను ఎన్నడూ అనుకోలేదు. గుడ్డలు చుట్టినవి, ఆకు కట్టినవి, వేళ్లు లేనివి. పక్కన కూర్చున్న బైలదిల్లా వైపు ముసలాయన తన కాలు చూపించి, నా కాలు చూసి, తల ఊపాడు. మా ఇద్దరికీ ఒక్క భాషా సరిగ్గా కలవలేదు, అయినా కాసేపటికి ఒకే బెంచీ మీద కాళ్లు కిందికి వేలాడేసుకుని చుట్టాల్లా కూర్చున్నాం. ఆయన భార్య మాకు వేయించిన పేలాలు పెట్టింది.

డాక్టరు కుర్రాడే, కానీ మాట కరుకు. "కాలికి రక్తం వెళ్లే గొట్టం మూసుకుపోయింది. అది చాలదన్నట్టు మీరే కాల్చుకొచ్చారు. మీ అడవి ఊళ్ల నుంచి ప్రతి చలికాలం ఇదే." నాతో హిందీలో అన్నాడు. భద్రమ్మకు ఆ మాత్రం హిందీ అర్థమవుతుంది. "మోకాలి కింద తీసేయాల్సి రావచ్చు. ముందు రక్తం ఎక్కడ ఆగిందో చూద్దాం."

మోకాలి కింద తీసేస్తే మిషను ఎలా తొక్కాలి? నాకు తట్టింది అదొక్కటే.

చూసింది సిస్టర్ సునంద. బచేలీ టౌన్‌షిప్పులో పుట్టి పెరిగిన పిల్ల, వాళ్ల నాన్న గనుల్లో పని కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడట. తెలుగు వినబడగానే నాకు సగం ప్రాణం లేచొచ్చింది. ఆమెది వాళ్ల వైపు తెలుగు, మాది మా వైపు తెలుగు. అయినా అమ్మ చేతి కూరలా అనిపించింది. ఆమె చేతిలో పెన్నులాంటిది ఒకటి ఉంది. దాన్ని నా కుడి పాదం మీద జెల్లు రాసి ఆనించింది.

"వినండి బాబాయ్."

చిన్న డబ్బాలోంచి శబ్దం వచ్చింది. హుష్, హుష్, హుష్ అని, ఎవరో లోపల తెరచాటున ఊపిరి తీస్తున్నట్టు. నా రక్తమట. యాభై ఏళ్లకు పైగా నా కాలిలో నడుస్తూ ఉంది, నాకు ఒక్కసారీ వినబడలేదు. నేను నిద్రపోతున్నా నడిచింది, సంతలో బేరాలాడుతున్నా నడిచింది, చుట్ట మీద చుట్ట కాలుస్తున్నా పాపం నడిచింది. నా చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

తర్వాత ఎడమ పాదం మీద పెట్టింది. అటు జరిపింది, ఇటు జరిపింది. డబ్బా పలకలేదు. భద్రమ్మ తల తిప్పుకుంది.

మూసుకున్న గొట్టాన్ని తీగెతో తెరవడానికి ప్రయత్నిస్తామన్నారు. నా వంతు వచ్చేదాకా వార్డులో ఉంచారు. అలా ఎదురు చూస్తున్న రోజుల్లో ఒక పొద్దున సునంద వచ్చి నా దగ్గర కాకుండా భద్రమ్మ దగ్గర కూర్చుంది.

"పిన్నీ, కాపడం ఎలా పెట్టారో నాకోసారి చూపిస్తారా?"

భద్రమ్మ ముడుచుకుపోయింది. మా దిక్కు ఎవరైనా వచ్చి వివరాలు అడిగితే ముందు భయమే. "ఎందుకు తల్లీ? కేసు రాస్తరా?"

"కేసు కాదు పిన్నీ. చలి వస్తే చాలు, కాలిన పాదాలు వస్తన్నాయి. కాపడం పెట్టొద్దని అందరికీ చెప్పే పంపుతన్నాం. మళ్లీ చలికి మళ్లీ వస్తన్నారు. మా చెప్పడంలోనే ఏదో తక్కువుంది. అదేటో కనుక్కుందామని పరిశోధన మొదలెట్టాను. మీరు ఒద్దంటే ఒద్దు."

"నా దగ్గర నేర్చుకునేదేముంది? ఉన్న కాలు కాల్చిన."

సునంద లేచి, కాలి బూటు విప్పి, మేజోడు తీసి, తన పాదం చాపింది. "నాకు పెట్టండి."

వార్డు వెనక రోగుల వెంట వచ్చినవాళ్లు వండుకునే వసారా ఉంది. అక్కడ ఎవరి మూకుడో అడిగి తీసుకుని, ఇసుక వేయించి, మూట కట్టి తెచ్చింది భద్రమ్మ. సునంద పాదం ఒళ్లో పెట్టుకుంది. మూటను ముందు తన చెంపకు ఆనించుకుంది. తల అడ్డంగా ఊపి కాసేపు ఆగింది. మళ్లీ ఆనించుకుంది. అప్పుడు పాదానికి అద్దింది.

"చెంపకెందుకు పెట్టుకున్నారు పిన్నీ?"

భద్రమ్మకు నవ్వొచ్చింది. బొబ్బలు లేచిన నాటి నుంచి ఆమె నవ్వడం నేను చూడలేదు. "మరి నీ కాలు కాలదా? నా అరచెయ్యి మొద్దుబారింది, దానికి నిప్పు గూడ తెల్వదు. చెంపకు తెలుస్తది."

"మరి బాబాయ్‌కి పెట్టిన రోజు?"

నవ్వు ఆగిపోయింది. నా వైపు చూడకుండా చెప్పింది. "ఆ రోజు గూడ పెట్టుకున్న. మొదట మంచిగనే ఉండె. ఆయన సల్లగున్నది అన్నడు. మళ్ల వేడి చేసిన. మళ్ల సల్లగున్నది అన్నడు. మూడోసారి చెంపకు పెడితె సుర్రుమన్నది. వద్దులే అనుకున్న. ఆయన గసిరిండు. ఆయన కాలు ఆయనకు తెల్వదా అనుకున్న."

సునంద పాదం ఇంకా భద్రమ్మ ఒళ్లోనే ఉంది. "అదే పిన్నీ," అంది ఆ పిల్ల. "ఆయన కాలు ఆయనకు తెలీదు. రక్తం అందక చాన్నాళ్లయితే పాదానికి నొప్పి తెలుస్తాది గానీ వేడి తెలీదు. బాబాయ్ అబద్ధం చెప్పలేదు. పాదమే బాబాయ్‌కి తప్పు చెప్పింది. మీ చెంప ఒక్కటే నిజం చెప్పింది."

"అయితె నా చెయ్యి కాదా తల్లీ?"

"కాదు పిన్నీ."

భద్రమ్మ ఆ పిల్ల పాదం మీద తల పెట్టి ఏడ్చింది. నేను మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను. ముప్పై ఏళ్ల కాపురంలో నా మాట విని ఆమె చెడ్డపేరు తెచ్చుకున్నది అదే మొదటిసారి, అదీ నా మేలు కోరి.

ఆ తర్వాత సునంద హాల్లో ప్రతి బెంచీ దగ్గరికీ వెళ్లి ఇదే అడిగింది. ముందు అడగొచ్చా అని అడిగి, ఒప్పుకుంటేనే అడిగేది. గోండీ వాళ్ల దగ్గరికి భద్రమ్మను వెంట తీసుకుపోయేది. ఒకామె చెంపకు పెట్టుకున్నానంది, ఒకామె మెడకు, ఒకాయన మోచేతి మడతకు. తమ ఒంటి మీద చూసుకోకుండా పెట్టినవాళ్లు వాళ్లకు కనబడలేదు. చివరికి మాత్రం అందరూ రోగి మాటే విన్నారు.

ఆ సంగతి సునంద కరుకు డాక్టరుతో చెబుతుంటే నేనూ విన్నాను. వద్దు అనడం మానేద్దాం అంది. చుట్టుముట్టు చలి, ఇంట్లో మనిషి మూలుగుతుంటే చేతులు కట్టుకుని ఎవరు కూర్చుంటారు? కాపడం పెట్టండి, కానీ పాదానికి కాదు, నడుముకు పెట్టండి. ఒళ్లంతా దుప్పటి కప్పండి. వేడి ఎంతో చెంపనడగండి, రోగిని అడగొద్దు. ఇలా చెబుదాం అంది. డాక్టరు గడ్డం గోక్కున్నాడు. "నడుం వెచ్చబడితే పాదానికీ కొంత అందుతుంది, నిజమే. కానీ చెప్పి ఊరుకుంటే కాదు. వచ్చే చలికి నిజంగా తగ్గుతుందో లేదో చూడాలి." అలా ఆ పరిశోధన పెద్దదైంది. చెంపకు ఆనించిన ఒక ఇసుక మూట గురించి అంత చదువుకున్నవాళ్లు ఇద్దరు నిలబడి అంత శ్రద్ధగా మాట్లాడుకుంటుంటే నాకు గుడిలో నిలబడ్డట్టు అనిపించింది.

తీగె వేసే రోజు నాకు మత్తు ఇవ్వలేదు, తొడ మొదట్లో, గజ్జల దగ్గర మొద్దుబారేట్టు చేశారంతే. పక్కన తెర మీద నా కాలి లోపల కనబడుతోంది. చెట్టు కొమ్మల్లా గొట్టాలు, ఒకచోట ఉన్నట్టుండి ఏమీ లేదు. ఆ లేనిచోటికి డాక్టరు సన్నని తీగె పంపుతున్నాడు. అది ముందుకు పోయి తగులుతుంది, వెనక్కి లాగుతాడు, వేళ్ల మధ్య తిప్పుతాడు, మళ్లీ పంపుతాడు. నేను భయం మర్చిపోయాను. లంగాకు బొందు ఎక్కించేటప్పుడు పిన్నీసు మడతలో చిక్కుకుంటే నేనూ అచ్చం అలాగే చేస్తాను. తోస్తే పోదు, బతిమాలాలి. ఆ కరుకు డాక్టరు నా కాలి లోపల అంత మెత్తగా బతిమాలుతున్నాడు. తీగె అవతలి వైపు తేలినప్పుడు "ఎక్కింది!" అని నేనే అరిచాను. కదలొద్దని తిట్టాడు.

బయటికి తెచ్చాక సునంద ఎడమ పాదం మీద పెన్ను ఆనించింది. మొదట ఏమీ లేదు. కొంచెం జరిపింది. హుష్ అని సన్నగా, ఆగి మళ్లీ హుష్ అని. కుడి కాలిదంత గట్టిగా లేదు, కానీ వస్తోంది. భద్రమ్మ ఆ డబ్బాకు దండం పెట్టింది. నేను నవ్వలేదు. అంతకు ముందు నేనూ పెట్టినవాణ్ణే.

నల్లబడ్డ రెండు వేళ్లు తీసేశారు. మిగతా పాదం గురించి డాక్టరు ఏమీ తేల్చలేదు. "పుండు మానాలి. పొగ మానాలి. మానాక నడవాలి. వచ్చే చలి కూడా దాటితే అప్పుడు కాలు మీదే అనుకోండి" అన్నాడు.

ఇప్పపూల నుంచి వానల దాకా

ఇంటికొచ్చేసరికి ఇప్పపూలు రాలుతున్నాయి. పుండుకు కట్టు మార్చడం ఆసుపత్రిలో ఉండగానే సునంద భద్రమ్మకు నేర్పాలని చూసింది. భద్రమ్మ పుండు మీద వేసే గాజుగుడ్డ పట్టుకుని పాదం దాకా వచ్చి ఆగిపోయేది. నీ తప్పు కాదని చెప్పినా ఆమె చేతికి ఆ మాట ఎక్కలేదు. చివరికి నేనే నేర్చుకున్నాను. శుభ్రంగా చేతులు కడుక్కోవడం, అంచు నుంచి లోపలికి కాక లోపలి నుంచి అంచుకు తుడవడం, బిగించకుండా కట్టడం. కుట్టుపనివాడికి గుడ్డ మాట వింటుంది, అదొక అదృష్టం. భద్రమ్మ వెచ్చని నీళ్లు పెట్టి, తన చెంపకు కాస్త చల్లి చూసుకుని, గిన్నె నా పక్కన పెట్టి, అంత దూరాన కూర్చునేది.

ఇంట్లో పరేశానీ తక్కువేం కాదు. చుట్ట మానడంతో నా నోరు మా అక్క నోరుకన్నా ఎక్కువైంది. బీడీలు చుట్టే తునికాకు కోసే రోజుల్లో ఊరు ఊరంతా ఆకు, వాసనంతా ఆకు. నేను మంచంలో కూర్చుని కనబడినవాళ్లందరినీ కసిరేవాణ్ణి. ఒక రోజు భద్రమ్మ సైకిలు మీద నుంచి మిషను తల దించి నా ముందు పెట్టింది. "మనుషుల మీద కాదు, దీని మీద చూపెట్టు నీ కోపం" అంది. పుండు పూర్తిగా మానకముందే తొక్కడం వద్దన్నారు కదా అన్నాను. "చేత్తో తిప్పు" అంది. చక్రం చేత్తో తిప్పుతూ ఆ ఎండాకాలమంతా పిల్లల చొక్కాలు కుట్టాను. మా అక్క వచ్చి, చెంప సంగతి విని, నన్ను చూసి పోయింది. తర్వాత ఒక కోడిని పంపింది. ఆమె క్షమాపణ అడిగే పద్ధతి అదే, అంతకు మించి ఆశించకూడదు.

వానలకు ముందు పుండు మానింది. చూపించుకోవడానికి వెళితే ఇక నడవమంది సునంద. పిక్క పట్టేదాకా నడువు, ఆగు, వదిలాక మళ్లీ నడువు.

"నొప్పి వచ్చేదాకా ఎందుకు తల్లీ? ముందే ఆగుతా."

"అలా కాదు బాబాయ్. పెద్ద దారి ఇరుకైనపుడు రక్తం పక్కదారులు వెతుక్కుంటాది. మీరు నడిచి అడిగితేనే అది వెతుకుతాది. కూకుంటే అదీ కూకుంటాది."

వాగు పొంగి రోడ్డు తెగినప్పుడు మా వాళ్లు అడవిలో కొత్త దారి పడేయడం నాకు తెలుసు. మొదటి రోజు ఒకడు నడుస్తాడు, నాలుగో రోజుకు గడ్డి వంగుతుంది, నెలకు దారి అవుతుంది. నా కాలి లోపల, చీకట్లో, ఎవరూ చెప్పకుండా రక్తం అదే పని చేస్తోందట. నడుస్తూ అది తలచుకుంటే కళ్లు చెమర్చేవి. ఏం చదివి నేర్చుకుంది ఆ రక్తం? ఎవరు పంపారు దాన్ని? నాకు తెలియదు. చుట్ట లేదు కాబట్టి దూరం చెప్పడానికి కొలత లేకుండా పోయింది. ఇళ్లతో లెక్క పెట్టుకున్నాను. మొదట పొరుగింటి దాకా, తర్వాత బోరింగు దాకా, తర్వాత ఊరి చివరి దాకా. ఈసారి ఆగిన చోట ఎవరినీ పలకరించలేదు. పిక్క పట్టిందని నేరుగా చెప్పేశాను.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ నేను లోపలికి, భద్రమ్మ హాల్లోకి. అక్కడ ఎవరో ఒక ఆడమనిషి తల కొంగులో దాచుకుని కూర్చుని ఉంటుంది, పక్కన కాలిన పాదంతో మొగుడు. ఆమె ఎక్కడి మనిషో చూసి, గోండీ అయితే గోండీలో, దోర్లీ అయితే దోర్లీలో భద్రమ్మ పక్కకు జరిగి కూర్చుంటుంది. ఇంటి బయట ఎన్నడూ గొంతు పెంచని మనిషి. ఒకసారి తలుపు చాటు నుంచి విన్నాను. "నువ్వు కాల్చలేదు చెల్లే. ఆ పాదానికి తెల్వదు. నీ చెంప ఏమన్నది, అది చెప్పు." ఆమె కొంగు తీసింది. నేను సునందను అడిగాను, మీ పరిశోధన ఏం తేలింది అని. "ఇంకా తేలలేదు బాబాయ్. ఈ చలి దాటాక గానీ చెప్పలేను" అంది. తేలనిదాన్ని తేలలేదని చెప్పే మనిషి చేతిలో నా కాలు ఉన్నందుకు ధైర్యమనిపించింది.

ఇది చదివేవాళ్లకు ఒక్క మాట. నడుస్తుంటే పిక్క పట్టి, ఆగితే వదులుతోందా? నాలాగా మర్యాదలు నటించకండి. దవాఖానకు పొండి. చుట్ట పారేయండి. ఇంట్లో ఎవరి పాదమైనా చల్లబడితే దానికి నిప్పు చూపించకండి. ఆ పాదం ఏం చెప్పినా నమ్మకండి. చూపించండి, అంతే.

మళ్లీ చలి

చలి వచ్చింది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ కాలు మాట ఎత్తలేదు. భద్రమ్మ పొద్దుగూకగానే ఇసుక మూట నా నడుముకు పెట్టి, దుప్పటి మీద దుప్పటి కప్పేది. పాదాన్ని మాత్రం దూరం నుంచే చూసేది. నేను రోజూ వేళ్లు లెక్కపెట్టుకునేవాణ్ణి, మిగిలినవి మిగిలే ఉన్నాయా అని. రంగు మారితే మళ్లీ బస్సు, మళ్లీ ఆ హాలు, ఈసారి మోకాలి కింద. అది ఇద్దరికీ తెలుసు.

చలి బాగా కొరుకుతున్న ఒక తెల్లవారు. భద్రమ్మ కళ్లం దగ్గర వడ్ల మీద మంచు పడిందేమో చూడ్డానికి చెప్పుల్లేకుండా పోయి వచ్చింది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. నెగడు ఇంకా రాజుకోలేదు. వచ్చి నా దుప్పట్లో దూరింది. అటు తిరిగి పడుకోబోతూ ఆమె కాలు నా ఎడమ పాదానికి తగిలింది. గబుక్కున తీసేసుకుంది.

మళ్లీ మెల్లగా ఆనించింది. ఈసారి తీయలేదు.

"ఏందే?"

"ఉండు, కదలకు." కాసేపు ఆగి, "వెచ్చగున్నది" అంది.

"కాపడం నడుముకు పెట్టినవ్ కద."

"అది ఎప్పుడో సల్లారింది. ఇది నీ కాలే."

నేను ఏదో అనబోయేలోపు రెండో కాలు కూడా తెచ్చి, రెండు పాదాలూ నా పాదానికి అటూ ఇటూ గట్టిగా అదిమింది. మంచులో నడిచొచ్చిన కాళ్లు. వాటి చల్లదనం నా పాదంలోంచి పిక్క దాకా ఎక్కింది.

"అబ్బా, సల్లగున్నయే! తియ్యి!"

భద్రమ్మ లేచి కూర్చుంది. "తెలిసిందా?"

అప్పుడు నాకూ అర్థమైంది. "తెలిసింది" అన్నాను.

ఆమె మళ్లీ పడుకుంది. బయట నెగడు ఎవరో రాజేశారు, చితుకులు చిటపటమంటున్నాయి. "జెరసేపు ఉండనియ్యి, నావి బాగ సల్లగైనయ్" అంది. ఉండనిచ్చాను. కోసేస్తామన్న కాలు దగ్గర మా ఆవిడ చలి కాచుకుంటోంది. పొద్దెక్కేదాకా ఆమె తీయలేదు, నేనూ తీయమనలేదు.